జైళ్లలో టీబీ: ఏడాదికో శిబిరంతో దొరకదు

సంపాదకులు గారికి నమస్కారం.

మార్చి 24 ప్రపంచ క్షయ దినం దగ్గర పడిందంటే జైళ్లలో వైద్య శిబిరాలు పెడతారు. బల్లలు వేస్తారు, ఖైదీలను వరసగా కూర్చోబెడతారు, దగ్గు ఉందా అని అడుగుతారు, ఉందన్నవాళ్ల చేతికి తెమడ డబ్బా ఇస్తారు. మరునాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. ఆ పని చేసినవాళ్ల శ్రమను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. అయితే మన నల్లగొండ, పాలమూరు వైపు జిల్లా జైళ్లలో, అంతకన్నా ముఖ్యంగా సబ్ జైళ్లలో, ఏడాదికి ఒకటో రెండో శిబిరాలతో టీబీ దొరకదు. ఎందుకు దొరకదో, దొరకాలంటే ఏ పని ఏ చోట ఎట్లా జరగాలో మీ పత్రిక ద్వారా కాస్త వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

జిల్లా జైలు పారే కాలువ లాంటిది. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75 శాతానికి పైగా విచారణ ఖైదీలేనని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. శిక్ష పడి ఏళ్ల తరబడి ఉండేవాళ్లలో చాలామంది చర్లపల్లి, చంచల్‌గూడ లాంటి కేంద్ర కారాగారాలకు పోతారు. మన దగ్గర ఉండేది ఎక్కువగా రిమాండ్ మీద వచ్చినవాళ్లు. పది రోజులకో, నెలకో, మూడు నెలలకో బెయిల్ దొరికి వెళ్లిపోతారు. మార్చి 25న లోపలికొచ్చి మే నెలలో బయటికి పోయిన మనిషి ఏ శిబిరానికీ కనపడడు. శిబిరం ఆ ఒక్క రోజు లోపల ఉన్నవాళ్లనే చూస్తుంది. ఏడాది పొడవునా గేటు దాటి వచ్చిపోయేవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. అందుకే టీబీ పరీక్షను క్యాలెండర్‌కు ముడిపెట్టొద్దు, అడ్మిషన్ రిజిస్టర్‌కు ముడిపెట్టాలి. మేం చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. మిగతాదంతా దాన్ని ఆచరణలో పెట్టే తీరు.

జైల్లోనే ఎందుకింత పట్టింపు అనేవాళ్లున్నారు. సాయంత్రం లాకప్ అయ్యాక పొద్దున అన్‌లాక్ దాకా దాదాపు 12 గంటలు ఒకే బ్యారక్‌లో, పక్కపక్కనే దుప్పట్లు పరుచుకుని పదుల మంది పడుకుంటారు. టీబీ ఉన్న మనిషి దగ్గితే వెలువడే సన్నటి తుంపరలు మూసి ఉన్న గదిలో గంటల తరబడి గాలిలో తేలుతుంటాయి. చలికాలంలో కిటికీలకు అట్టముక్కలు, దుప్పట్లు అడ్డం పెడితే ఆ గాలి ఇక ఎటూ పోదు. పైగా లోపలికి వచ్చేవాళ్లలో చాలామందికి బయట ఉన్నప్పుడే టీబీ ముప్పు ఎక్కువ. ముంబై, పుణెల దాకా వలస పోయి ఇరుకు రేకుల షెడ్లలో బతికొచ్చిన పాలమూరు లేబర్, రాతి క్రషర్లలో పనిచేసినవాళ్లు, తిండి సరిగా లేక తాగుడుకు అలవాటైనవాళ్లు, బీడీలు తాగేవాళ్లు, షుగర్ ఉన్న సంగతి తెలియనివాళ్లు వీళ్లలో ఉంటారు. జైళ్లలో టీబీ బయటి జనంలో కన్నా దాదాపు పది రెట్లు ఎక్కువని అంతర్జాతీయ అధ్యయనాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో జైళ్లలో అందరికీ క్రమబద్ధంగా స్క్రీనింగ్ చేయాలని చెప్పింది కూడా ఇందుకే. గోడలకు ఇది ఆగదు. బెయిల్ మీద పోయినతను ఊళ్లోకే పోతాడు, డ్యూటీ దిగిన వార్డర్ క్వార్టర్స్‌లో పిల్లల దగ్గరికే పోతాడు.

ఇక గేటు సంగతి. కొత్త ఖైదీని లోపలికి తీసుకోగానే ఆరోగ్యం పరీక్షించి రాసుకోవాలని 1894 జైళ్ల చట్టం 24వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ఆరోగ్య స్థితి, ఒంటి మీది గాయాలు, మచ్చలు అన్నీ రాయమంది. ఆచరణలో గాయాల సంగతే పైకి తేలింది. దెబ్బలున్నాయా లేవా అన్నది రాయకపోతే రేపు కోర్టులో జవాబు చెప్పుకోవాలి గనుక అది జాగ్రత్తగా రాస్తారు. ఊపిరితిత్తుల దగ్గరికొచ్చేసరికి ‘దగ్గు: లేదు’ అని ఒక్క ముక్క. ఆ ‘లేదు’ ఎట్లా వస్తుందో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి. మనిషి అప్పుడే పోలీసు వాహనం దిగి ఉంటాడు. పక్కన ఎస్కార్ట్ కానిస్టేబుల్, అదే కేసులోని తోటి నిందితులు నిలబడి ఉంటారు. అందరి ముందూ ‘టీబీ ఉందా?’ అంటే ఉందనేవాడెవరు?

అడిగే చోటు, అడిగే మాట రెండూ మారాలి. పక్క గదిలోనో, కనీసం నాలుగడుగులు పక్కకు తీసుకెళ్లో ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. రోగం పేరెత్తకుండా మన మాటల్లో అడగాలి. పొద్దున లేవంగనే దగ్గు వస్తదా, గల్ల పడ్తదా? రెండు వారాలు దాటిందా? దాంట్లో ఎప్పుడన్నా నెత్తురు కనపడ్డదా? సాయంత్రమైతే ఒళ్లు వెచ్చగైతదా? ప్యాంటు నడుము దగ్గర వదులైందా? మెడ దగ్గర బిళ్లలు తగులుతున్నయా? ఇంట్ల ఎవరికన్నా ఆరు నెలల మందు నడిచిందా? మూత్రం ఎర్రగ వచ్చే గోళీలు నువ్వెప్పుడన్నా మింగినవా? ఈ చివరి ప్రశ్న చాలా విలువైనది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ, ఎరుపు రంగులో వస్తుంది. రోగం పేరు దాచినవాళ్లు, అసలు ఆ పేరే తెలియనివాళ్లు కూడా ఆ రంగును మరిచిపోరు. ‘ఇప్పటికీ మింగుతున్న, గోళీలు ఇంటికాడ ఉన్నయి’ అనే జవాబు వస్తే అది అన్నింటికన్నా అత్యవసరం. చికిత్స మధ్యలో అరెస్టయి మందు ఆగిపోయిన మనిషి అతను. అతని పేరు టీబీ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో ముందే ఉంటుంది. ఆ ప్రాంతంలో టీబీ చికిత్స చూసే ప్రభుత్వ కేంద్రానికి, అంటే టీబీ యూనిట్‌కు, ఫోన్ చేస్తే పాత వివరాలు దొరుకుతాయి, మరునాడే మందు మొదలుపెట్టొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, ముఖ్యంగా పాలమూరు వైపు. రోజూ కల్లు, సారా తాగేవాళ్లకు లోపలికి రాగానే అది ఒక్కసారిగా బంద్ అవుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు చెమటలు, వణుకు, నిద్ర లేకపోవడం, అన్నం సహించకపోవడం ఉంటాయి. కల్లులో మత్తు గోళీల పొడి కలిసి ఉంటే ఇంకా ఎక్కువ రోజులు కూడా ఉండొచ్చు. రాత్రి చెమటలు టీబీ లక్షణాల్లోనూ ఉన్నాయి గనుక ఒకదాన్ని చూసి ఇంకోటి అనుకునే ప్రమాదం రెండు వైపులా ఉంది. ‘కల్లు బంద్ అయింది గదా’ అని టీబీని కొట్టిపారేయడమే ఎక్కువ నష్టం. అందుకని గేటు దగ్గర అడిగిన ప్రశ్నలన్నీ పదో రోజున మళ్లీ అడగాలి. అదే రోజు బరువు కూడా మళ్లీ చూడాలి. గేటు దగ్గర ఒక డిజిటల్ తూకం మిషన్ ఉంటే చాలు. వచ్చిన రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి, తర్వాత నెలకొకసారి రాసుకోవాలి. బయట పస్తులున్న మనిషికి లోపల వేళకు తిండి దొరికినప్పుడు కాస్తయినా బరువు పెరగాలి. పెరగకపోయినా, తగ్గినా అది దగ్గుతో సమానమైన లక్షణమని మా అభిప్రాయం.

ప్రశ్నలు ఎంత బాగా అడిగినా అవి సగం పనే. 2019–21లో జరిగిన జాతీయ టీబీ ప్రాబల్య సర్వేలో 15 ఏళ్లు దాటినవాళ్లలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల టీబీ ఉన్నట్టు తేలింది. ఎక్స్‌రే తీయకుండా లక్షణాలు అడిగి ఊరుకుని ఉంటే వాళ్లలో 42.6 శాతం మంది దొరికేవాళ్లే కాదు. దగ్గు లేని టీబీ, ‘బీడీ దగ్గే’ అనుకునే టీబీ అంత ఉంది. కాబట్టి శిబిరంలో ‘సున్నా కేసులు’ అని రాసుకుని సంతోషించే ముందు ఎంతమందికి ఎక్స్‌రే తీశామో చూసుకోవాలి.

ఎక్స్‌రే అనగానే జైలు అధికారులకు గుర్తొచ్చేది ఎస్కార్ట్. ఒక ఖైదీని సర్కారు దవాఖానకు తీసుకుపోవాలంటే సాయుధ పోలీసులు కావాలి, వాహనం కావాలి. కోర్టు వాయిదాలు, పండుగలు, ఎన్నికల బందోబస్తు ముందు ఈ పని ఎప్పుడూ వెనక్కే పోతుంది. దీనికి మందు ఇప్పటికే మన చేతిలో ఉంది. క్షయ నివారణ కార్యక్రమంలో వాడుతున్న చేతి ఎక్స్‌రే యంత్రాలు కొన్ని మూడున్నర కిలోల బరువే ఉంటాయి, బ్యాటరీతో నడుస్తాయి. మనిషిని బయటికి తీసుకుపోయే బదులు యంత్రాన్నే లోపలికి తేవచ్చు. వారానికి ఒక రోజు ఖాయం చేసుకుని ఆ వారంలో వచ్చిన కొత్తవాళ్లందరికీ తీస్తే ఒక పూట కన్నా ఎక్కువ పట్టదు. ఒక యంత్రాన్ని ఒక రోజు జిల్లా జైలుకు, మిగతా రోజుల్లో ఒక్కో సబ్ జైలుకు తిప్పవచ్చు. దగ్గు ఉందన్నవాళ్లకే తీసి మిగతావాళ్లను వదిలేస్తే యంత్రం తెచ్చిన ప్రయోజనమే పోతుంది. అందరికీ తీయాలి.

తీసేటప్పుడు చిన్న చిన్న సంగతులే ఫిల్మును పాడుచేస్తాయి. మెడలో తాయెత్తు, గొలుసు, చొక్కా గుండీలు తీయించాలి. రెండు చేతులూ నడుము మీద పెట్టి మోచేతులు ముందుకు తోస్తేనే భుజాల ఎముకలు పక్కకు జరిగి ఊపిరితిత్తుల పైభాగం స్పష్టంగా కనపడుతుంది. టీబీ మచ్చ ఎక్కువగా ఉండేది ఆ పైభాగంలోనే. నిండా గాలి పీల్చి బిగబట్టమని తీసే ముందు ఒకసారి చేసి చూపించాలి. ఆపరేటర్‌కు రేడియేషన్ బ్యాడ్జి, సీసం ఏప్రాన్ తప్పనిసరి. మిగతావాళ్లు రెండు మీటర్ల అవతల ఉండాలి. వరసలో తర్వాతి మనిషిని యంత్రం ముందు నిలబెట్టడం చాలాచోట్ల కనిపించే తప్పు.

ఫిల్మును ఇప్పుడు కంప్యూటరే చదివి అనుమానం ఎంతో అంకెల్లో చెబుతోంది. ఆ అంకె హద్దు దాటితే దగ్గు ఉన్నా లేకపోయినా తెమడ పరీక్ష చేయాలి. షాద్‌నగర్ వైపు పలుగురాయి పొడి మిల్లుల్లో, క్రషర్లలో పనిచేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము మచ్చలు ముందే ఉండొచ్చు. అవి చూసి ‘ఇది పాతదే’ అని పక్కన పెట్టకూడదు. రాతి దుమ్ము జబ్బు ఉన్నవాళ్లకే టీబీ వచ్చే అవకాశం ఎక్కువ.

తెమడ దగ్గర మేం కాస్త ఎక్కువ చెప్పాల్సి ఉంది. ఎందుకంటే ఎన్ని లక్షల యంత్రం పెట్టినా డబ్బాలో తెమడ బదులు ఉమ్మి ఉంటే వచ్చే ఫలితం ‘నెగెటివ్’. కావలసింది 2 నుంచి 5 మిల్లీలీటర్లు, అంటే చిన్న చెంచాలో సగం నుంచి నిండుగా. చిక్కగా, జిగటగా ఉండాలి. నీళ్లలా నురగతో ఉంటే అది నోటిది, ఛాతీలోది కాదు. గుట్కా, జర్దా, పొగాకు ముక్కలు కలిస్తే యంత్రం తప్పు చూపించి ఆగిపోవచ్చు. ఇచ్చే ముందు మామూలు నీళ్లతో రెండు మూడుసార్లు పుక్కిలించాలి. రెండుసార్లు నిండా గాలి పీల్చి నెమ్మదిగా వదిలి, మూడోసారి పీల్చి పొత్తికడుపు నుంచి దగ్గమనాలి. ఇది నోటితో చెప్తే చాలదు, చేసి చూపించాలి.

తెమడ నమూనాలు రెండు తీస్తారు. ఒకటి అప్పటికప్పుడు తీసేది, ఇంకోటి పొద్దున లేవగానే తీసేది. రాత్రంతా పేరుకున్న తెమడ పొద్దున వస్తుంది గనుక ఆ రెండోదే మేలైనది. జైల్లో చిక్కంతా దాని దగ్గరే. మనిషి లేచేసరికి బ్యారక్‌కు తాళం ఉంటుంది. రాత్రే డబ్బా చేతికిచ్చి ‘పొద్దున పట్టి ఇవ్వు’ అంటే నలభై మంది మధ్య కూర్చుని దగ్గాలి, లేదా బ్యారక్‌లోని మరుగుదొడ్డిలోకి పోవాలి. రెండూ ప్రమాదమే. మొదటిది సిగ్గు కూడా. అందుకని చాలామంది డబ్బాలో ఉమ్మి మూత పెట్టేస్తారు. దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఉంది. ముందు రోజు రాత్రే పేర్లు వార్డర్‌కు ఇచ్చి, అన్‌లాక్ కాగానే వాళ్లను మొదట బయటికి వదలాలి. చాయ్ తాగకముందే ఆరుబయట, మిగతావాళ్లకు దూరంగా నిలబెట్టాలి. తీసుకునే సిబ్బంది ఎన్95 మాస్కు వేసుకుని, గాలి తమ వెనక నుంచి రోగి వైపు వీచేలా నిలబడాలి. తెమడ సరిపడా రాకపోతే ఆ డబ్బాను ల్యాబ్‌కు పంపకుండా మరునాడు మళ్లీ ప్రయత్నించాలి.

లేబుల్ డబ్బా ఒంటికి అంటించాలి. మూత మీద రాస్తే ల్యాబ్‌లో నాలుగు మూతలు తీశాక ఏది ఎవరిదో తెలియదు. ఒకే పేరున్నవాళ్లు ఉంటారు గనుక పేరు, తండ్రి పేరు, జైలు నంబరు, తేదీ, తీసిన సమయం రాయాలి. మూత బిగించి, విడివిడిగా కవర్లలో పెట్టి, చల్లని జెల్ ప్యాకులున్న పెట్టెలో నిలువుగా పెట్టాలి. ఆ రోజే ల్యాబ్‌కు చేరాలి. కుదరకపోతే 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డ కట్టే అరలో పెట్టొద్దు. మే నెల ఎండలో నల్లగొండ రోడ్ల మీద బైకు సంచిలో రెండు గంటలు తిరిగిన నమూనా కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు, పనికిరాకుండా పోతుంది. ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఖైదీ కదలాలంటే ఎస్కార్ట్ కావాలి. తెమడ కదలడానికి ఐస్ పెట్టె, ఒక బైకు చాలు. వారానికి రెండు ఖాయమైన రోజుల్లో టీబీ యూనిట్ మనిషి గేటు దగ్గరికొచ్చి పెట్టె తీసుకుపోయే ఏర్పాటు చేసుకోవచ్చు.

ల్యాబ్‌లో మైక్రోస్కోపుతో సరిపెట్టొద్దు. ఒక మిల్లీలీటరు తెమడలో కనీసం 5 వేల నుంచి 10 వేల బ్యాక్టీరియా ఉంటేనే స్లైడ్ మీద కంటికి ఆనుతాయి. బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ యంత్రం వంద, నూట యాభై ఉన్నా పట్టేస్తుంది. రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో కూడా దాదాపు రెండు గంటల్లో చెబుతుంది. అలాంటి పరీక్షే చేసే, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది గనుక చిన్న దవాఖానలకూ అనువైనది. ఇంతకు ముందు టీబీ మందులు వాడినవాళ్లలో మాత్రం చనిపోయిన బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని కూడా ఈ పరీక్షలు పట్టుకునే అవకాశం ఉంది. వాళ్లకు కల్చర్ కూడా చేయించి డాక్టర్ నిర్ణయించాలి. నెగెటివ్ వచ్చినా దగ్గు, బరువు తగ్గడం ఆగకపోతే ఫైలు మూసేయకూడదు.

ఫలితం వచ్చాక అది ఎవరికి తెలుస్తుందన్నది ఇంకో చిక్కు. రోగి నమోదు చేసుకున్న ఫోన్‌కు మెసేజ్ పోతుంది. ఆ ఫోన్ పోలీస్ స్టేషన్‌లో సీజైన వస్తువుల్లో ఉండొచ్చు. అందుకని జైలు ఆసుపత్రి ఫార్మసిస్టుకో, సబ్ జైలులో బాధ్యత చూసే అధికారికో ల్యాబ్ నుంచి నేరుగా ఫోన్ రావాలి. పాజిటివ్ అయితే అదే రోజు రావాలి.

దగ్గుకు లోపల ఇచ్చే మందుల గురించి ఒక హెచ్చరిక. లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి గోళీలు టీబీ మీద కూడా కొంత పనిచేస్తాయి. ఐదు రోజులు వేస్తే దగ్గు కాస్త తగ్గుతుంది, జ్వరం దిగుతుంది, తెమడలో బ్యాక్టీరియా తగ్గి పరీక్షలో దొరకకపోవచ్చు. నెల తిరిగేసరికి రోగం మళ్లీ లేస్తుంది, ఈసారి ఆ మందుకు మొండికేసి ఉండొచ్చు. మొండి టీబీకి వాడే కీలకమైన మందుల్లో ఈ కుటుంబం కూడా ఒకటి గనుక నష్టం రెండింతలు. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష అయ్యేదాకా ఈ గోళీలు ఇవ్వొద్దని జైలు మందుల అలమారా మీద పెద్ద అక్షరాలతో రాసి అతికించాలి.

పాజిటివ్ అని తేలినవాళ్లకు చికిత్స ఇప్పుడు కష్టం కాదు. మామూలు టీబీకి ఆరు నెలలు, బరువును బట్టి రోజుకు ఇన్ని గోళీలని లెక్క. హెచ్ఐవీ, షుగర్ పరీక్షలు తప్పనిసరి. తాగుడు అలవాటున్నవాళ్లలో కాలేయం దెబ్బతినే ప్రమాదం ఎక్కువ గనుక కళ్లు పసుపెక్కడం, వాంతులు గమనిస్తుండాలి. మూత్రం రంగు మారుతుందని మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే నెత్తురు పోతోందని భయపడి గోళీలు మానేసేవాళ్లుంటారు. కోర్టు వాయిదా ఉన్న రోజు పొద్దున్నే వాహనం ఎక్కించే ముందే ఆ రోజు గోళీలు మింగించాలి.

వేరుగా ఉంచడం గురించి. మందు పనిచేసే టీబీ అయితే సాధారణంగా మొదటి రెండు వారాలు విడిగా ఉంచితే సరిపోతుంది. ఎదురెదురు కిటికీలున్న, ఎండ పడే గది అయితే మంచిది. కానీ శిక్ష వేసేవాళ్లను పెట్టే ఒంటరి సెల్‌లో ఉంచితే మిగతా ఖైదీలకు అర్థమయ్యేది ఒక్కటే, దగ్గితే సెల్‌లో వేస్తారని. ఆ మరునాటి నుంచి ఎవడూ దగ్గు చెప్పడు. వంటశాల పని పోతుందని, ములాఖత్ ఆపేస్తారని కూడా దాస్తారు. రెండు వారాల తర్వాత డాక్టర్ ఒప్పుకుంటే పాత పనిలోకి తీసుకుంటామని, ములాఖత్‌ను మాస్కుతో ఆరుబయట యథావిధిగా జరిపిస్తామని సూపరింటెండెంట్ స్వయంగా చెప్పాలి, చెప్పింది చేయాలి. దీనికన్నా పెద్ద ప్రచారం లేదు. ‘టీబీ గది’ అని బోర్డు మాత్రం పెట్టొద్దు.

ఒకరికి తేలిందంటే అతను పడుకున్న బ్యారక్ మొత్తం చూడాలి. గత మూడు నెలల్లో ఆ బ్యారక్‌లో ఉండి బెయిల్ మీద పోయినవాళ్ల పేర్లు కూడా తీసి వాళ్ల ఊళ్ల టీబీ యూనిట్లకు పంపాలి. జబ్బు లేదని తేలినవాళ్లకు రాకుండా వాడే మందు ఇవ్వొచ్చా అన్నది డాక్టర్ నిర్ణయం. వారానికొకసారి చొప్పున 12 వారాలు వేసుకునే విధానం జైలుకు అనువుగా ఉంటుంది. రాత్రి లాకప్ డ్యూటీ చేసే వార్డర్లకు, మూసి ఉన్న వాహనంలో ఖైదీలతో గంటలు ప్రయాణించే ఎస్కార్ట్ పోలీసులకు కూడా ఏడాదికోసారి ఎక్స్‌రే తీయాలి. వాళ్లను ఈ లెక్కలో అందరూ మరిచిపోతున్నారు.

ఇప్పటిదాకా చెప్పిందంతా చేసి కూడా విడుదల రోజున పోగొట్టుకునే ప్రమాదం ఉంది. బెయిల్ కాగితం సాయంత్రం వేళ వస్తుంది. అప్పటికి ఫార్మసిస్టు ఇంటికి పోయి ఉంటాడు. మనిషి గేటు దాటేసరికి చేతిలో గోళీ ఉండదు, కాగితం ఉండదు. ఊరికి పోయాక కూలికి పోతాడు, లేదా వలస పోతాడు. రెండు నెలల మందుకు దగ్గు తగ్గి ఉంటుంది గనుక తగ్గిపోయిందనే అనుకుంటాడు. దీనికి మేం సూచించేది విడుదల సంచి. చికిత్స మొదలైన రోజే ఒక గుడ్డ సంచిలో 28 రోజుల గోళీలు పెట్టి, పేరు రాసి, గేటు ఆఫీసులో ఎండ, తేమ తగలని అలమారాలో ఉంచాలి. ఒక షీటుకు 28 గోళీలు ఉంటాయి. 35 నుంచి 49 కిలోల మనిషికి రోజుకు మూడు గోళీలు గనుక మూడు షీట్లు. 50 నుంచి 64 కిలోలైతే నాలుగు షీట్లు. మొదటి రెండు నెలలు దాటి మందు మారినప్పుడు సంచిలోనూ మార్చాలి. బరువు ఒక అంచె పెరిగితే షీట్లు పెంచాలి. ఇందులోనే చికిత్స కార్డు జిరాక్స్, తన ఊరికి దగ్గరి టీబీ యూనిట్ చిరునామా, ఫోన్ నంబరు రాసిన చీటీ ఉండాలి. విడుదల రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకునే చోటే ‘సంచి ఇచ్చాం’ అని ఒక గడి ఉంటే రాత్రి ఎనిమిదింటికి డ్యూటీలో ఉన్న మనిషి కూడా మరిచిపోడు.

మనిషి బయటికి పోయాక దొరకాలంటే చిరునామా మొదటి రోజే సరిగా రాసుకోవాలి. నిక్షయ్‌లో చిరునామా గడిలో జైలు పేరు రాసేస్తే రేపు వెతికేది ఎక్కడ? ఊరు, మండలం, ఇంటివాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు రాయాలి. ఖైదీకి నంబర్లు గుర్తుండకపోవచ్చు. ములాఖత్‌కు వచ్చినవాళ్ల వివరాల్లో అవి దొరుకుతాయి. జైలు మారితే జైలు నంబరు మారుతుంది గనుక నిక్షయ్ నంబరునే అన్ని కాగితాల మీదా రాయాలి. కేంద్ర ప్రభుత్వం టీబీ రోగుల పోషణకు 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబర్ నుంచి 1,000 రూపాయలు చేసింది. ఖైదీకి బ్యాంకు పాస్‌బుక్, ఆధార్ చేతిలో ఉండవు గనుక ఆ సొమ్ము ఆగిపోతుంటుంది. ములాఖత్ రోజే ఇంటివాళ్లతో ఆ కాగితాలు తెప్పించుకుంటే పని అయిపోతుంది. లోపల ఉన్నవాళ్లకు డాక్టర్ రాస్తే గుడ్డు, పాలు, పప్పు అదనంగా ఇవ్వాలి. జార్ఖండ్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో రోగుల ఇంటివాళ్లకు అదనపు తిండి ఇస్తే కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది.

జిల్లా కలెక్టర్లకు, జైళ్ల శాఖ అధికారులకు, జిల్లా క్షయ నియంత్రణ అధికారులకు, జైళ్లను సందర్శించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థల వారికి మా మనవి ఒకటే. నెలవారీ సమీక్షలో ఎన్ని శిబిరాలు పెట్టారని అడగడం మానండి. నాలుగు అంకెలు అడగండి. ఈ నెల గేటు దాటి లోపలికి ఎంతమంది వచ్చారు? వాళ్లలో ఏడు రోజుల్లోపు ఎక్స్‌రే ఎంతమందికి తీశారు? తెమడను సీబీనాట్, ట్రూనాట్‌లో ఎంతమందికి పరీక్షించారు? చికిత్స మధ్యలో విడుదలైనవాళ్లలో వారం లోపు బయట మందు మళ్లీ అందుకున్నవాళ్లు ఎందరు? మొదటి మూడు అంకెలు జైలు రిజిస్టర్, ల్యాబ్ రిజిస్టర్ పక్కపక్కన పెడితే వస్తాయి. నాలుగోది రావాలంటే విడుదలైన రోజే గేటు ఆఫీసు నుంచి టీబీ యూనిట్‌కు ఒక ఫోన్ పోవాలి, వారం తర్వాత అక్కడి నుంచి ‘మనిషి వచ్చాడు’ అనో, ‘రాలేదు, ఆశా కార్యకర్తను ఇంటికి పంపుతున్నాం’ అనో తిరిగి ఫోన్ రావాలి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే నెల నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాం.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో క్షయ నివారణ పనిలో ఉన్న కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు, ఫార్మసిస్టులు, చికిత్స పర్యవేక్షకులు